ట్రే చేతిలో ఉంది, కూర్చునే చోటే లేదు: థీమ్ పార్కు రెస్టారెంట్లతో ఆరేళ్లు

ఆరేళ్లుగా మా ఇంట్లో అందరికీ ఒకే థీమ్ పార్కుకు యాన్యువల్ పాసులున్నాయి. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా మావయ్యగారు కలిసి ఏడాదికి ఏడెనిమిది సార్లు వెళ్తాం. రైడ్ల గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అక్కడి వంటల రుచి గురించి కూడా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నేను రాస్తున్నది తినడానికి కూర్చునే చోటు గురించి. ఆ పార్కులో చిన్నవీ పెద్దవీ కలిపి ఎనిమిది రెస్టారెంట్లున్నాయి. అన్నిట్లోనూ తిన్నాం, సెలవు రోజుల్లోనూ తిన్నాం, జనం లేని మంగళవారాల్లోనూ తిన్నాం. రుచికి అయిదులో నాలుగు ఇస్తాను. కూర్చోబెట్టే పద్ధతికి ఒకటిన్నర.

నాలుగేళ్ల కిందటి ఒక రోజు చెబితే ఆ ఒకటిన్నర ఎందుకో అర్థమవుతుంది. మావయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. కర్రతో మెల్లగా నడుస్తున్నారు, ఎక్కువసేపు నిలబడలేరు. చిన్నది ఇంకా తోపుడు బండిలోనే ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు పెద్ద షో ఒకటి వదిలారు. లోపలున్న జనమంతా ఒక్కసారిగా దగ్గర్లోని ఫుడ్‌కోర్టు మీద పడ్డారు, వాళ్లలో మేమూ ఉన్నాం. మావారు కౌంటర్ లైన్లో నిలబడ్డారు. నేను బండి తోసుకుంటూ, మావయ్యగారిని వెంటబెట్టుకుని, హాలంతా రెండు చుట్లు తిరిగాను. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఇరవై నిమిషాల తర్వాత మావారు రెండు ట్రేలతో వచ్చి నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

చివరికి ఖాళీ ట్రేలు పడేసే చోట, గోడకు ఛాతీ ఎత్తున ఉన్న పలక లాంటి దాని మీద మావయ్యగారి పళ్లెం పెట్టాం. పక్కనే చెత్తడబ్బా. జనం వచ్చి ట్రేలు దులుపుతున్నారు. ఆయన ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చేత్తో తింటున్నారు. "నువ్వు ముందు పిల్లలకి పెట్టమ్మా, నాకేం ఫర్వాలేదు" అన్నారు. సగం తిని చాలన్నారు. కాలు నొప్పి వల్లే చాలన్నారని నాకు తెలుసు. ఆ రోజు మళ్లీ ఏ రైడూ ఎక్కలేదు, ఇంటికొచ్చేశాం.

పిల్లలకు తినిపిస్తూ అక్కడే నిలబడి నేను టేబుళ్లు లెక్కపెట్టాను. నాకు కనిపించే మేర ఇరవై మూడున్నాయి. వాటిలో తొమ్మిదింటి మీద తిండి అనేదే లేదు. ఒకదాని మీద బ్యాగు, ఒకదాని మీద టోపీ, మరోదాని దగ్గర ఫోన్ చూసుకుంటూ ఒక్క మనిషి. మిగతా కుటుంబమంతా మా వెనక కౌంటర్ లైన్లో ఉంది. చోటు ముందు ఆపుకుని తర్వాత ఆర్డర్ చేద్దామనుకున్నవాళ్లన్నమాట.

వాళ్లమీద నాకు కోపం వచ్చింది. అయితే తర్వాతి రెండేళ్లు మేమూ అచ్చం అదే చేశాం. హాల్లో అడుగుపెట్టగానే మావయ్యగారినీ పిల్లలనీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టేవాళ్లం, మేమిద్దరం లైన్లోకి వెళ్లేవాళ్లం. ఆయన కాలిని చూసుకుంటే మాకు వేరే దారి కనిపించలేదు. ఆయన ఆ టేబుల్‌కు కాపలా ఉంటూ, ట్రేలు పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాళ్ల కళ్లలోకి చూడలేక తల దించుకునేవారు. "ఎవరైనా అడిగితే లేచేస్తానమ్మా" అని ఒకసారి అన్నారు.

ఇందులో తప్పు ఎవరిదని చాలా రోజులు ఆలోచించాను. నాకు దారి చూపింది ఒక చిన్న లెక్క. లోపల సగటున ఎంతమంది ఉంటారన్నది, గంటకు ఎంతమంది వస్తారు, ఒక్కొక్కరు సగటున ఎంతసేపు ఉంటారు అన్న రెండు సంఖ్యల గుణకారమని జాన్ లిటిల్ అనే పరిశోధకుడు 1961లో నిరూపించాడు. క్యూల శాస్త్రంలో దాన్ని లిటిల్ సూత్రం అంటారు. రెస్టారెంట్‌కు పెట్టి చూడండి. ఒక హాల్లో 200 కుర్చీలున్నాయనుకుందాం. ట్రేతో వచ్చి కూర్చుని తిని లేచిపోవడానికి 25 నిమిషాలు పడితే, ఆ కుర్చీలు గంటకు 480 మందికి సరిపోతాయి. అదే జనం ముందు కుర్చీ పట్టుకుని, 20 నిమిషాలు లైన్లో నిలబడి, ఆ తర్వాత 25 నిమిషాలు తింటే ఒక్కో కుర్చీ 45 నిమిషాలు చిక్కుకుపోతుంది. అప్పుడు అవే 200 కుర్చీలు గంటకు 267 మందికి మించి సరిపోవు. ఒక్క కుర్చీ తగ్గలేదు, ఒక్క మనిషి పెరగలేదు. హాలు మాత్రం దాదాపు సగానికి కుంచించుకుపోయింది.

చోటు దొరకదన్న భయంతో అందరూ ముందే ఆపుకుంటారు, ఆపుకోవడం వల్లే చోటు దొరకదు. ఏ ఒక్క కుటుంబానికీ దీన్నుంచి తనంతట తాను బయటపడటం సాధ్యం కాదు. మేం మర్యాదకు పోయి ట్రేతో వచ్చి వెతుక్కుంటే ఆ పెద్దాయన మళ్లీ చెత్తడబ్బా పక్కన నిలబడతారు. అందుకే ఇది సందర్శకుల సంస్కారం మీద వదిలేసే విషయం కాదంటాను. గుమ్మంలో ఒక మనిషిని నిలబెట్టి, ఆర్డర్ చేతికొచ్చాకే టేబుల్ చూపించడం పార్కు మాత్రమే చేయగల పని.

అది పనిచేస్తుందని నా కళ్లతో చూశాను కూడా. అదే పార్కులో ఒక మూలనున్న రెస్టారెంట్లో రెండేళ్ల కిందట ఈ పద్ధతి పెట్టారు. రద్దీ వేళల్లో ట్రే గానీ రసీదు గానీ చూపిస్తేనే లోపలికి పంపుతారు. నడవలేనివాళ్లకీ పసిపిల్లలున్నవాళ్లకీ మినహాయింపు ఉంది, వాళ్లను ముందే కూర్చోబెడతారు. మొదటిసారి వెళ్లినప్పుడు గుమ్మంలో ఉన్న అబ్బాయి మావయ్యగారి కర్ర చూసి, మేం అడక్కముందే "మీరు రండి పెద్దాయనా, కూర్చోండి, వాళ్లు ట్రే తెచ్చుకుంటారు" అన్నాడు. బయట లైను అంతే ఉంది, లోపల అయిదారు టేబుళ్లు ఎప్పుడూ ఖాళీగా కనిపిస్తున్నాయి. మొదట్లో కొందరు గొడవపడ్డారు, "అన్ని ఖాళీలు పెట్టుకుని మమ్మల్ని ఆపుతారేం" అని. ఆ ఖాళీలు ట్రేతో వచ్చేవాళ్ల కోసమని తెలిశాక సర్దుకున్నారు. ఆ ఒక్క రెస్టారెంట్‌కు నాలుగిస్తాను.

రెండోది బల్ల దగ్గరికే వచ్చి వడ్డించే పెద్ద రెస్టారెంట్ల సంగతి. అక్కడ రిజర్వేషన్ ఉంటుంది. అది ఆ సమయానికి టేబుల్ ఉంటుందన్న మాట అని మొదట్లో అనుకున్నాను. కాదు. ఆ సమయానికి వచ్చినవాళ్లకు, ఖాళీ అయిన తర్వాతి టేబుల్ ఇస్తామన్న మాట మాత్రమే. ఒంటిగంటకు రిజర్వేషన్ ఉన్న రోజు మమ్మల్ని కూర్చోబెట్టేసరికి ఒంటిగంటా నలభై అయింది. టేబుల్ సిద్ధమయ్యాక మోగే బజర్ ఒకటి చేతికిచ్చి బయట నిలబెట్టారు. ఎండలో బెంచీ లేదు. అద్దంలోంచి లోపల ఏడెనిమిది ఖాళీ టేబుళ్లు కనిపిస్తున్నాయి. మా పెద్దవాడు అయిదు నిమిషాలకోసారి "అమ్మా, అవన్నీ ఖాళీయే కదా?" అంటున్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఒక రోజు జనం లేని వేళ అక్కడ వడ్డించే ఒకావిడనే అడిగాను. ఆవిడ చెప్పింది విన్నాక చాలా కోపం తగ్గింది. ఒక్కొక్కరు ఇన్ని టేబుళ్లే చూసుకోగలరు. ఆ రోజు ఇద్దరు రాకపోతే వాళ్ల టేబుళ్లు ఖాళీగానే ఉంటాయి. ఒకేసారి పది టేబుళ్లు నింపితే పది ఆర్డర్లూ ఒకే నిమిషంలో వంటింటి మీద పడి అందరికీ ఆలస్యమవుతుంది, అందుకని విడతలుగా కూర్చోబెడతారు. కొన్ని టేబుళ్లు కాసేపట్లో వచ్చే పెద్ద గుంపు కోసం కలిపి ఉంచుతారు. ఇవన్నీ న్యాయమైన కారణాలే. ఈ నాలుగు మాటలు ఆ రోజు గుమ్మం దగ్గరే చెప్పి, ఇంకో అరగంట పడుతుందని అంటే నేను మావయ్యగారిని ఎదురుగా నీడలో కూర్చోబెట్టేదాన్ని. మేం విన్నది "కొంచెం సేపండీ" అన్న ఒక్క మాటే, మూడుసార్లు. ఎంతసేపో తెలియని నిరీక్షణ, కారణం చెప్పని నిరీక్షణ, అన్యాయంగా తోచే నిరీక్షణ మనిషికి ఉన్నదానికంటే ఎక్కువగా అనిపిస్తాయని నిర్వహణ శాస్త్ర నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లోనే ఒక వ్యాసంలో వివరించారు. ఆ నలభై నిమిషాల్లో మాకు మూడూ కలిసొచ్చాయి.

ఇక కుర్చీలూ బల్లలూ. దీని గురించి నాకు చాలా పట్టింపు ఉంది.

హాలు నిండినట్టు కనిపించినా నిజానికి సగమే నిండి ఉంటుంది. ఎందుకంటే అన్నీ నాలుగు కుర్చీల టేబుళ్లే. ఇద్దరు వచ్చినా నాలుగూ వాళ్లవే. మాలాంటి అయిదుగురికి ఒకటి చాలదు. బల్లలు నేలకు బిగించి ఉంటాయి కాబట్టి రెండు కలపడం కుదరదు. ఎన్నోసార్లు మావారు పెద్దవాడితో ఒక మూల, మేం ముగ్గురం ఇంకో మూల కూర్చున్నాం. కలిసి గడపడానికి వెళ్లిన రోజున అది చిన్న బాధేం కాదు. ఇద్దరు పట్టే బల్లలు ఎక్కువ వేసి, అవసరమైనప్పుడు జరుపుకునేలా వదిలేస్తే ఇదంతా ఉండదు.

కొత్తగా బాగుచేసిన రెండు చోట్ల ఎత్తు బల్లలూ ఎత్తు స్టూళ్లూ వేశారు. చూడటానికి బాగుంటాయి, ఎక్కువమంది పడతారు. మోకాలు బాగాలేనివాళ్లు వాటిమీదికి ఎక్కలేరు, చిన్నపిల్లల్ని కూర్చోబెడితే గుండె గుప్పిట్లో పెట్టుకుని తినాలి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు అవి ఉన్నా లేనట్టే. అమెరికాలో వికలాంగుల చట్టం కింద 2010లో వచ్చిన ప్రమాణాల ప్రకారం భోజనం చేసే చోట కనీసం 5 శాతం సీట్లు వాళ్లకు అనువుగా ఉండాలి, ఆ బల్ల పైభాగం నేలనుంచి 28 నుంచి 34 అంగుళాల మధ్య ఉండాలి, కింద మోకాళ్లు పట్టేందుకు కనీసం 27 అంగుళాల ఎత్తు ఉండాలి. అంటే 200 సీట్లకు పది. మేం వెళ్లే పార్కులో చక్రాల కుర్చీ గుర్తు అంటించిన బల్లలు ఉన్నాయి. కాకపోతే రద్దీలో వాటిని ఎవరూ కాపాడరు, ముందొచ్చినవాళ్లు కూర్చుంటారు. ఒకసారి చక్రాల కుర్చీలో ఉన్న ఒక అమ్మాయి తన కోసమే వేసిన బల్ల పక్కన, దారిలో, ట్రే ఒళ్లో పెట్టుకుని తినడం చూశాను. బల్ల వేస్తే సరిపోదు, దాన్ని అట్టిపెట్టే మనిషి కూడా ఉండాలి.

ఆరుబయట సీట్ల గురించి ఎక్కువ చెప్పను. గొడుగులు చాలవు, వాన వస్తే ఆ జనమంతా లోపలి హాలుకే వస్తారు.

ఫోన్లో ఆర్డర్ చేసే సౌకర్యం వచ్చాక ఈ తిప్పలు తీరుతాయనుకున్నాను. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో అది 2017లో మొదలైంది, తర్వాత చాలా పార్కుల్లోకి వచ్చింది. మా పార్కులోనూ మూడేళ్లుగా ఉంది. కౌంటర్ దగ్గర నిలబడటం నిజంగా తగ్గింది, అది పెద్ద మేలు. కానీ నిలబడాల్సినవాళ్లంతా ఇప్పుడు టేబుల్ దగ్గర కూర్చుని ఆర్డర్ కోసం ఎదురుచూస్తున్నారు. లైను కుర్చీల్లోకి మారిందంతే. ఇందాకటి లెక్కే మళ్లీ: తినే 25 నిమిషాలకు, కూర్చుని ఎదురుచూసే నిమిషాలు కలిశాయి. ఆర్డర్ తయారైందన్న కబురు వచ్చాకే టేబుల్ ఇస్తే ఈ సౌకర్యం పూర్తిగా అక్కరకొస్తుంది. పైన చెప్పిన మూల రెస్టారెంట్లో అలాగే చేస్తున్నారు.

ఇప్పుడు మేం పాటించేవి కొన్ని ఉన్నాయి, ఎవరికైనా పనికొస్తాయి. పదకొండుకే తినేస్తాం, లేదంటే రెండున్నర దాటాక తింటాం. పెద్ద షో వదిలే సమయం ముందే చూసుకుని, ఆ తర్వాత గంటసేపు దాని పక్క రెస్టారెంట్ వైపు వెళ్లం. రిజర్వేషన్ ఉంటే గుమ్మం దగ్గర రెండు ప్రశ్నలు సూటిగా అడుగుతాం: మా ముందు ఎన్ని కుటుంబాలున్నాయి, పెద్దాయన లోపల ఎక్కడైనా కూర్చోవచ్చా. రెండో ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ కాదనలేదు. అడగనంతకాలం ఎవరూ చూపించనూ లేదు. తిన్న వెంటనే లేచిపోతాం, పిల్లలు ఆడుకుంటామన్నా సరే.

పార్కువాళ్లకు రెండుసార్లు ఉత్తరం రాశాను, ఇరవై మూడు టేబుళ్ల లెక్కతో సహా. మొదటిదానికి క్షమించమంటూ జవాబొచ్చింది. రెండోదానికి, మూల రెస్టారెంట్ పద్ధతిని మిగతా చోట్ల కూడా పరిశీలిస్తున్నామన్నారు. అది పోయిన వేసవి మాట. మొన్న వెళ్లినప్పుడు ఆ ఫుడ్‌కోర్టు గుమ్మంలో మనిషి లేడు. గోడకున్న ఆ పలక మీద ఎవరివో రెండు పళ్లేలు పెట్టి ఉన్నాయి.

ఈ ఏడాదికి పాసులు మళ్లీ తీసుకున్నాం, పిల్లలకు ఆ పార్కంటే ప్రాణం. మావయ్యగారు వచ్చిన రోజు మాత్రం ఎంత దూరమైనా ఆ మూల రెస్టారెంట్‌కే నడుస్తాం, మధ్యలో రెండుచోట్ల బెంచీల మీద ఆగుతూ.