ఊపిరితిత్తుల స్క్రీనింగ్: అమెరికా పద్ధతా, ఇంగ్లండ్ పద్ధతా?

స్క్రీనింగ్ అంటే ఏ లక్షణమూ లేనప్పుడే క్యాన్సర్ ఉందేమో వెతకడం. "ఎక్స్‌రేలో అంతా క్లియర్" అని ధీమాగా ఉండేవాళ్లకు ముందే చెప్పాలి, దానికి ఎక్స్‌రే సరిపోదని 2011లోనే తేలిపోయింది. అమెరికాలో సిగరెట్లు బాగా తాగిన 53 వేల మందికి పైగా జనాన్ని రెండు జట్లు చేసి, ఒకరికి ఎక్స్‌రే, ఇంకొకరికి తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్, ఏడాదికోసారి చొప్పున మూడేళ్లు తీశారు. సీటీ తీసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తక్కువ. కాబట్టి సీటీయే. తేలాల్సిందల్లా మనిషిని ఆ మిషన్ దాకా ఎలా రప్పించాలన్నదే.

అమెరికాలో ఆ భారం డాక్టర్ మీద పడేశారు. ఎవరికి తీయాలంటే, 50 నుంచి 80 ఏళ్లు, రోజుకు 20 సిగరెట్లు చొప్పున 20 ఏళ్లు తాగినంత లెక్క, ఇప్పటికీ తాగుతూ ఉండాలి లేదా మానేసి 15 ఏళ్లు దాటకూడదు. కాగితం మీద బాగానే ఉంది. కానీ బీపీ, షుగర్ చూపించుకోవడానికి వచ్చినవాడి ఫైల్లో "ఒకప్పుడు తాగేవాడు" అని ఉంటుందే తప్ప రోజుకెన్ని, ఎన్నేళ్లు అని ఎవరూ రాయరు, అందుకే 2022 లెక్కల్లో అర్హుల్లో ఐదో వంతు మంది కూడా చేయించుకోలేదు.

ఇంగ్లండ్‌లో 55 నుంచి 74 ఏళ్లవాళ్లలో ఎప్పుడైనా పొగ తాగినవాళ్లకు ఉత్తరం వాళ్లే పంపి, రిస్క్ లెక్కగట్టి, ఎక్కువుంటే స్కాన్‌కి పిలుస్తారు. మాంచెస్టర్‌లో 2016లో స్కానర్ లారీని తీసుకెళ్లి షాపింగ్ సెంటర్ల పార్కింగ్‌లో నిలబెట్టారు. కూరగాయలకొచ్చి స్కాన్ తీయించుకుని పోవచ్చు! స్కాన్ చేసిన ప్రతి వందమందిలో ముగ్గురికి క్యాన్సర్ దొరికింది, వాటిలో 80 శాతం తొలి దశలోనివే. అప్పట్లో పేరు కూడా తెలివిగా పెట్టారు, క్యాన్సర్ మాట లేకుండా "లంగ్ హెల్త్ చెక్" అని. "నువ్వే కాల్చుకున్నావుగా" అంటారేమోనని ముఖం చాటేసేవాడు ఆ పేరుకైతే వస్తాడు.

నా ఓటు ఇంగ్లండ్‌కే, 50 నుంచి 54 ఏళ్లవాళ్లను వదిలేసినా సరే. అయితే లారీ నిలబెట్టడం తేలిక, ఆ తర్వాతే అసలు తలనొప్పి. ఆ అమెరికా పరీక్షలో సీటీ అనుమానపడ్డ 100 మందిలో 96 మందికి క్యాన్సర్ లేదు. చిన్న గడ్డ కనబడగానే సూది గుచ్చకుండా, మూడు నెలలాగి మళ్లీ తీసి పెరిగిందో లేదో చూసే ఓపిక, ఆ మనిషిని గుర్తుపెట్టుకుని మళ్లీ పిలిచే నర్సు, రెండూ కావాలి.

మన దగ్గరైతే ఇంకో చిక్కు, పాత టీబీ మచ్చలు కూడా గడ్డల్లాగే కనిపిస్తాయి. పైగా లెక్కంతా 20 సిగరెట్ల ప్యాకెట్‌తో, మన ప్యాకెట్‌లో మామూలుగా ఉండేవి పది. శ్రీకాకుళం వైపు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే ముసలమ్మని ఏ గడిలో రాస్తారు?