జింక బొమ్మ చూసి విత్తనాల బస్తా కొనకండి

ఒహాయో, ఇండియానా వైపు ఊరి బయట కాస్త భూమి కొనుక్కుని, చలికాలం ముందు జింకల కోసం ఫుడ్ ప్లాట్ (అవి వచ్చి మేయడానికి వేసే చిన్న మడి) వేద్దామనుకునే మనవాళ్ళకి ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో అమ్మే ‘దున్నక్కర్లేదు, చల్లితే చాలు’ రకం మిశ్రమాలతో చాలా జాగ్రత్తగా ఉండండి.

నేను తెప్పించిన బస్తా మీద పెద్ద కొమ్ముల జింక, కింద క్లోవర్ (పప్పుజాతి మేత మొక్క), టర్నిప్, ఓట్స్ అని పెద్దక్షరాలు. అమ్మకం పేజీలో బస్తా ముందువైపు ఫొటో ఒక్కటే పెట్టారు. ఇంటికొచ్చాక వెనక కుట్టిన చీటీ చూస్తే మొదటి పేరే యాన్యువల్ రైగ్రాస్ అనే గడ్డి, సగానికి పైగా అదే. టర్నిప్ నామమాత్రం. తిరిగి తీసుకోమంటే విత్తనాలకు రిటర్న్ లేదన్నారు. ఇది నకిలీ విత్తనం కాదు, చీటీలో అంతా నిజమే రాశారు. అందుకే ఎవరూ వాళ్ళని ఏమీ అనలేరు, నాకు మండేది కూడా అక్కడే.

రైగ్రాస్ ఎందుకు కలుపుతారంటే అది చవక, మట్టి మీద పడేసినా మొలుస్తుంది. వారం తిరిగేసరికి పచ్చగా కనిపించి కొన్నవాడికి తృప్తి. జింకలకి మాత్రం పక్కన క్లోవర్, ఓక్ కాయలు దొరుకుతుంటే దాని మీద అంత ఆసక్తి ఉండదు. మా దాంట్లోంచి నడుచుకుంటూ పక్కవాళ్ళ క్లోవర్‌లోకి పోయాయి. పైగా వసంతంలో గింజ కట్టి రాలిందంటే మళ్ళీ మళ్ళీ మొలుస్తుంది. గోధుమ పొలాల్లో అదొక మొండి కలుపు. గ్లైఫోసేట్ అనే కలుపు మందుకి లొంగని రకాలూ ఉన్నాయి.

పేర్లు కలిసి ఉండటం వల్ల ఇంకో మోసం జరుగుతోంది. మనకు కావలసింది సీరియల్ రై, అంటే రై ధాన్యం. రైగ్రాస్ వేరే గడ్డి. షాపులో ‘రై’ అని ఊరుకోకండి, చీటీ మీద సీరియల్ రై అని ఉందో లేదో చూడండి.

చీటీలో ఇంకా చూడాల్సింది ప్యూర్ సీడ్ శాతం (బస్తాలో అసలు విత్తనం ఎంత), మొలక శాతం (అందులో మొలిచేది ఎంత). ప్యూర్ సీడ్ 65, మొలక 85 అయితే రెండూ గుణించి వందతో భాగిస్తే దాదాపు 55. అంటే 25 పౌండ్ల బస్తాలో మొలిచేది 14 పౌండ్లే. మిగతాదాంట్లో చాలావరకు క్లోవర్ గింజ మీది పూత. పూత చెడ్డదేం కాదు, వేరు బుడిపెలకు కావలసిన బాక్టీరియా చాలాసార్లు అందులోనే ఉంటుంది. కానీ దాని బరువుకీ మనమే డబ్బు కడుతున్నాం. పరీక్ష తేదీ పాతదైతే వదిలేయండి. కలుపు గింజల వరుసా చదవండి. 2016లో అయోవాలో విత్తన మిశ్రమాలతో పాటు పామర్ అమరాంత్ అనే కలుపు పొలాల్లోకి వచ్చేసింది. మన తోటకూర జాతే అయినా ఒక్కో మొక్క లక్షల గింజలు రాలుస్తుంది.

మిశ్రమం మీరే కలుపుకోండి. దగ్గర్లోని ఫీడ్ మిల్‌లో సీరియల్ రై, ఓట్స్, రెడ్ క్లోవర్ విడివిడిగా దొరుకుతాయి. ఎకరానికి రై 50 పౌండ్లు, ఓట్స్ 40, క్లోవర్ 8 నుంచి 10. ఓట్స్ గట్టి చలికి చచ్చిపోతాయి గానీ అంతవరకు జింకలు ఇష్టంగా తింటాయి. ఆ తర్వాత మంచులోనూ నిలబడేది రై. ధాన్యాలు అంగుళం లోతున పడాలి, క్లోవర్ పావు అంగుళం దాటకూడదు. అందుకే రై, ఓట్స్ ముందు చల్లి మట్టి కప్పి, క్లోవర్‌ని పైన చల్లి అణిచేయండి. ఒహాయోలో ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మొదటి వారాల్లో వేసేయాలి. టర్నిప్ కావాలంటే జులై ఆఖరు, ఆగస్టు మొదట్లోనే వేయాలి. అక్టోబరులో టర్నిప్ గింజలు అంటగట్టే వాళ్ళని నమ్మకండి. మట్టి పరీక్షలో పీహెచ్ 6 కంటే తక్కువొస్తే ముందు సున్నం మీద ఖర్చుపెట్టండి.

ఇప్పటికే అలాంటి బస్తా చల్లేసి ఉంటే, వచ్చే మే నెలలో రైగ్రాస్ వెన్ను తీయగానే, గింజ పాలు పోసుకోకముందే కోసేయండి. మళ్ళీ వెన్ను తీస్తుంది, మళ్ళీ కోయండి. చీటీ మాత్రం పారేయకండి, అందులో రాసినదానికీ బస్తాలో ఉన్నదానికీ తేడా ఉందని రాష్ట్ర వ్యవసాయ శాఖకి ఫిర్యాదు చేయాలంటే మొదట అడిగేది అదే.