పాత కారు మరమ్మతుకు ఏళ్లుగా వాడుతున్న పనిముట్లు: నా అనుభవం

పాత కారును ఇంటి దగ్గరే బాగుచేసుకుందామని మొదలుపెట్టేవారు ముందుగా స్పానర్ల పెట్టె కొంటారు. నన్నడిగితే ముందు వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటరు కొనమంటాను, ఆ వెంటనే కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాల కోడ్లను చదివే కోడ్ రీడరు. వయసు మీరిన రెండు కార్లను చాలా ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను. విప్పడం, బిగించడం చేయగా చేయగా అలవాటవుతాయి. ఎక్కడ విప్పాలో తెలుసుకోవడం దగ్గరే చాలామంది ఓడిపోతారు. పాత బండిలో ఎప్పుడు చూసినా నాలుగైదు భాగాలు అరిగే ఉంటాయి. ఈ రోజు ఇబ్బంది పెడుతున్నది వాటిలో ఏదో తేల్చుకోకుండా వరుసగా మారుస్తూ పోతే డబ్బు అయిపోతుంది, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మల్టీమీటరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. దీనంత పని నాకు మరే పనిముట్టూ చేసిపెట్టలేదు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో నిండుగా ఛార్జైన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12.2 చూపితే సగం ఖాళీ అయినట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగువకు పడిపోతే బ్యాటరీ బలహీనపడిందని అర్థం. ఇంజను నడుస్తుండగా 13.5 నుంచి 14.7 మధ్య ఉంటే ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బ్యాటరీని ఛార్జి చేస్తున్నట్టు. ఈ కొలతలకు పట్టే సమయం చాలా తక్కువ. బ్యాటరీ కొనాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

అంతకంటే విలువైన పరీక్ష మరొకటి ఉంది. మీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగటివ్ ధ్రువానికి, రెండోది ఇంజను లోహానికి ఆనించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనాలి. మీటరు 0.2 వోల్టుల లోపు చూపాలి. మా పెద్ద బండి ఉదయం పూట సెల్ఫ్ కొడితే టక్‌మని, స్టార్ట్ కాకుండా ఆగిపోతున్న రోజుల్లో అక్కడ ఒక వోల్టుకు పైగా కనిపించింది. బ్యాటరీ బాగానే ఉంది. సెల్ఫ్ మోటార్ మార్చమని చూసినవారంతా చెప్పారు. నేను బ్యాటరీ నెగటివ్‌ను ఇంజనుకు కలిపే ఎర్తు తీగ విప్పాను. పైకి చక్కగా ఉన్న ఆ తీగ తొడుగును కొన దగ్గర వెనక్కి జరిపితే లోపలి రాగి పోగులు ఆకుపచ్చగా చిలుం పట్టి, వేలితో నలిపితే పొడిలా రాలాయి. తీగ మార్చి, బోల్టు కింది లోహాన్ని మెరిసేదాకా గీకి బిగించాను. ఈనాటికీ ఆ బండిలో ఉన్నది పాత సెల్ఫ్ మోటారే. పాత కార్లలో ఎర్తు లోపాలు ఎంత తరచుగా వస్తాయో, వాటిని ఎంత తక్కువమంది అనుమానిస్తారో చూస్తే బాధగా ఉంటుంది.

నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ దిగిపోతుంటే ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట. తలుపులు మూసి, బండిలోని కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లేదాకా ఆగి కొలిస్తే చాలా కార్లలో 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. కొన్ని బండ్లు నిద్రపోవడానికి అరగంటకు పైగా తీసుకుంటాయి, తొందరపడితే కొలత తప్పుతుంది. ఒక్కో ఫ్యూజూ పీకి చూసే పద్ధతి నాకు నచ్చదు, పీకి మళ్లీ పెట్టేసరికి కంప్యూటర్లు మేల్కొంటాయి. ఫ్యూజు పైన కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలిస్తే పీకకుండానే ఏ దారిలో కరెంటు పోతోందో తెలిసిపోతుంది.

ఇక కోడ్ రీడరు. అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి రీడరును తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ తప్పనిసరి అయింది. సాధారణంగా స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున ఉంటుంది. నేను వాడేది ఫోనుతో కలిసి పనిచేసే చిన్న బ్లూటూత్ రీడరు. ఇంజను సంకేతాలను అది నడుస్తుండగానే చూపించే రీడరే కొనండి. కోడ్ అంకె మాత్రమే చూపేది సగం పనికి కూడా రాదు. పీ0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని. ఆ కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేవారిని చాలామందిని చూశాను. పాపం, ఆ సెన్సర్ ఉన్న నిజమే చెబుతోంది.

అలాంటప్పుడు రీడరులో ఇంధన సవరణ శాతాలు, అంటే ఇంజను కంప్యూటరు ఇంధనాన్ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూడాలి. మా చిన్న కారులో ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడు సవరణ 20 శాతం దాటింది, నిమిషానికి 2500 చుట్లకు పెంచితే దాదాపు మామూలు స్థితికి వచ్చింది. ఎక్కడో గాలి దొంగచాటుగా లోపలికి పోతోందనడానికి అది గట్టి గుర్తు. నిదానంగా తిరిగేటప్పుడు ఇంజను పీల్చుకునే గాలే తక్కువ, అందులో చీలిక గుండా వచ్చే వాటా పెద్దది. వేగం పెరిగితే ఆ వాటా లెక్కలోకి రాకుండా పోతుంది. అదే వేగం పెరిగేకొద్దీ సవరణ కూడా పెరిగితే ఇంధన పంపునో ఇంధన ఫిల్టర్‌నో అనుమానించాలి. ఆ కారులో తప్పు ఇంజను ఆవిరిని వెనక్కి తీసుకెళ్లే రబ్బరు గొట్టం వంపులో ఉంది. పైనుంచి కంటికి ఏమీ కనపడలేదు. వేళ్లు అడుగుకు పోనిచ్చి తడిమితే చీలిక తగిలింది.

రీడరు లోపాలూ చెప్పాలి. నా దగ్గరున్నది ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు కోడ్లు చదవదు. సాకెట్‌లో ఒక పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది కాబట్టి రీడరును అందులోనే వదిలేస్తే అది కూడా కొంత తాగుతుంది. కోడ్ చెరిపేముందు అది పడిన క్షణంలో నమోదైన వివరాలు రాసుకోండి. చెరిపితే అవి పోతాయి, కారు స్వయంగా చేసుకునే పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. కాలుష్య తనిఖీ దగ్గరలో ఉంటే ఇది చాలా ముఖ్యం.

బోల్టును నిర్ణీత బలంతోనే బిగించడానికి వాడే టార్క్ రెంచి గురించి నా అభిప్రాయం ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడింది. ఒకటి సరిపోదు, రెండు కావాలి. ఇలాంటి రెంచిలు తమ పరిధిలో అడుగు భాగాన నమ్మదగినవి కావు. చక్రాల నట్లకు పెద్దది, స్పార్క్ ప్లగ్గులకు, ఆయిలు సంపు బోల్టుకు చిన్నది వాడతాను. అల్యూమినియంలో మర చెడితే ఆ నష్టం రెంచి ధరకు ఎన్నో రెట్లు. క్లిక్‌మనే రకమైతే పని అయ్యాక కనిష్ఠ అంకెకు తిప్పి దాచాలి, దానితో ఎప్పుడూ బోల్టు విప్పకూడదు. తుప్పు పట్టిన వాటిని విప్పడానికి ఆరు మూలల సాకెట్ వాడండి, పన్నెండు మూలలది బోల్టు తలను గుండ్రంగా చేసేస్తుంది. ముందురోజే తుప్పు వదిలించే నూనె వేసి, మర్నాడు కాస్త బిగించి, కాస్త వదులు చేసి, మళ్లీ అలాగే చేస్తూ పోతే చాలా బోల్టులు విరగకుండా వస్తాయి.

జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు ఉండాలి. హైడ్రాలిక్ జాకీలో ఒక రబ్బరు సీలు జారితే కారు కిందికి వస్తుంది, కింద మనిషి ఉన్నాడని అది చూసుకోదు. గట్టి, చదునైన నేల, చక్రాలకు అడ్డు, రెండు స్టాండ్లు, ఆ తరువాత కారును చేత్తో గట్టిగా ఊపి చూడడం. ఇవి లేకుండా ఎవరూ కారు కిందికి దూరవద్దని వేడుకుంటున్నాను. కారుతో పాటు వచ్చే చిన్న జాకీ చక్రం మార్చడానికే.

బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు ఇంట్లోనే మారుస్తాను. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ చేరాక ఆ కనీస స్థాయి 155. అందుకే రెండేళ్లకోసారి మార్చడం, మూత తీసిన డబ్బాను దాచుకోకపోవడం మంచిది. తుప్పు తిన్న బ్రేకు గొట్టాలు, సస్పెన్షన్ స్ప్రింగులు, ఎయిర్‌బ్యాగులు, ఏసీ గ్యాసు జోలికి మాత్రం వెళ్లను. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణం పోతుంది.

వీటన్నిటితో పాటు మీ కారు మోడల్‌కు సంబంధించిన వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించండి. వీడియోలు పని చేసే తీరు చూపిస్తాయి, కానీ బిగింపు అంకెల విషయంలో నేను మాన్యువల్‌నే నమ్ముతాను.

మా చిన్న కారుకు టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్లు, వాల్వుల కదలికలను జతగా నడిపే బెల్టు, మార్చాల్సిన గడువు దగ్గరపడింది. ఆ ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి. షాఫ్టులను కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేక పనిముట్లు నా దగ్గర లేవు, ఒక్కసారి పనికి కొనడం దండగ. కాబట్టి దాన్ని మెకానిక్‌కే అప్పగిస్తున్నాను, అదే బెల్టుతో తిరిగే వాటర్ పంపునూ ఆ విప్పడంలోనే మార్చమని చెప్పాను.