డీజిల్ ఫిల్టర్ ఇంట్లోనే మార్చుకుంటున్నా: ఏడేళ్ళు, ఐదు ఫిల్టర్లు, ఒక చిన్న రింగు

మా కారు బానెట్ ఎత్తితే బ్యాటరీ వెనకాల, డీజిల్లో నలకలు, నీళ్ళు వడకట్టే ఫిల్టర్ నెత్తి మీద, పాత సోడా మూతంత నల్ల బటన్ ఒకటి ఉంటది, ప్రైమర్ పంప్ అంటారు. కారు మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పార్టు ఏదంటే అదే. ఏసీ కాదు, స్టీరియో కాదు, ఆ బటనే. నవ్వుకుంటే నవ్వుకోండి.

డీజిల్ బండి ఫిల్టర్ ఇప్పినవాళ్ళకి తెలుసు అసలు బాధ ఇప్పడంలో లేదు, బిగించాక లోపల మిగిలిపోయిన గాలి తీయడంలో ఉంది. లైన్లో ఎయిర్ పట్టిందంటే ఎంత సెల్ఫ్ కొట్టినా గుర్ గుర్ తప్ప స్టార్ట్ కాదు, అలా పది నిమిషాలు కొడితే బ్యాటరీ పోద్ది, ఇంకో పది కొడితే సెల్ఫ్ మోటారు కూడా పోద్ది. ఈ బటన్ ఉన్న బండికి ఆ గోల లేదు. తాళం ముట్టుకోకుండా బొటనవేలితో నొక్కుతూ పోవడమే, మొదట్లో ఖాళీ షాంపూ సీసా నొక్కినట్టు పుస్ పుస్‌మని మెత్తగా పోద్ది, పదిహేను దాటాక లోపల డీజిల్ వచ్చిన బరువు వేలికి తెలుస్తది, ముప్పై నలభై అయ్యేసరికి రాయిలా గట్టిపడి ఇక దిగనంటది. అప్పుడు సెల్ఫ్ కొడితే ఒక్కటే దెబ్బ. 2018లో వనస్థలిపురంలో ఇంటి ముందు మొదటిసారి అలా స్టార్ట్ అయినప్పుడు గేటు దగ్గర నిలబడి చూస్తున్న మా ఆవిడతో "చూశావా" అన్నా, ఆవిడ "ఏం చూడాలి, రోజూ స్టార్ట్ అయ్యేదేగా" అని లోపలికెళ్ళిపోయింది.

బండి 2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, మూడు నాలుగు కంపెనీలు పంచుకున్న ఆ 1248 సీసీ ఇంజినే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. ఫిల్టర్ ఎలా మార్చాలో వీడియోలు కుప్పలు ఉన్నాయి కాబట్టి ఆ స్టెప్పులు నేను చెప్పను. ఎందుకు మొదలుపెట్టానో ఒక్క ముక్కలో, ఒక షెడ్డులో సర్వీసుకిచ్చా, ఫిల్టర్ మార్చామని బిల్లులో వేశారు, ఇంటికొచ్చి చూస్తే అంతకుముందు నేను దాని మీద మార్కర్‌తో పెట్టిన గీత అలాగే ఉంది. అంతే, ఇక ఆ పని ఎవరి చేతికీ ఇవ్వలేదు.

మాన్యువల్‌లో రాసిన దానికంటే ముందే, 15 వేల కిలోమీటర్లకోసారి మారుస్తా. దానికి కారణం ఒక పచ్చడి సీసా. రెండోసారి మార్చినప్పుడు పాత ఫిల్టర్లో మిగిలింది పారబోయకుండా గాజు సీసాలోకి వంచి కిటికీలో పెట్టా, వానాకాలం అయిపోయిన రోజులు అవి. పొద్దున చూస్తే పైనంతా లేత పసుపు డీజిల్, అడుగున చిటికెన వేలు మందాన నీళ్ళు, మధ్యలో గీత గీసినట్టు అంచు, ఆ అంచు మీద నల్లటి నలకలు పాకుడులాగా వేలాడుతున్నాయి. నీళ్ళు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి, నీళ్ళు చేరాయని చెప్పే సెన్సరు ప్లగ్గు ఫిల్టర్ కింద పెట్టేది కూడా అందుకే. కానీ నాకు డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు, అంటే ఆ నీళ్ళింకా సెన్సరుకి తగిలేంత ఎత్తుకి రాలేదన్నమాట. ఈ ఇంజిన్లలో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ లోపల సందులు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కలో) ఉంటాయి, ప్రెషరేమో వెయ్యి బార్లు పైనే (ఒక బారంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), అందులోకి ఆ నలకలు పోతే ఫిల్టర్ డబ్బుతో తేలే పని కాదు. ఆ సీసా చూశాక బంకులు కూడా మార్చా, వానొస్తే ముందు నీళ్ళు నిలబడే బంకు దగ్గర ఆగడం మానేశా.

ఇంతవరకూ పొగుడుకోవడం అయింది. ఇప్పుడు 2022 సంక్రాంతి.

భోగికి మూడు రోజుల ముందు మూడో ఫిల్టర్ మార్చా. ఊరికి బయల్దేరే హడావుడి, సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి ఫోన్ లైటు వెలుతుర్లో అరగంటలో కానిచ్చేశా. నలభై నొక్కులు, ఒక్క సెల్ఫ్, స్టార్ట్. చేతులకి పట్టిన డీజిల్ కంపు మాత్రం ఎప్పట్లాగే పోలేదు (మా అమ్మ చెప్పిన చిట్కా, శనగపిండితో రుద్ది తర్వాత నిమ్మచెక్క, సబ్బు కంటే నయం). రెండు రోజులు సిటీలో తిరిగినా ఏమీ లేదు, పొద్దున స్టార్టింగ్ రెండు సెకన్లు లేటైనట్టు అనిపించింది, చలి కదా అనుకుని వదిలేశా. అది వదిలెయ్యకూడదని ఇప్పుడు తెలుసు.

హైదరాబాద్ నుంచి తెనాలి. ఆ రోజు విజయవాడ హైవే సంగతి చెప్పక్కర్లేదు, పంతంగి టోల్ దాటడానికే గంట పట్టింది. సూర్యాపేటలో టీ తాగి ఎక్కాం, మునగాల దగ్గరికొచ్చేసరికి రాత్రి పదిన్నర, యాక్సిలరేటర్ తొక్కుతుంటే పికప్ పడిపోయింది, రెండు మూడు కుదుపులు, ఇంజిన్ ఆగిపోయింది. ఇండికేటర్ వేసి పక్కకి తీశా. బానెట్ ఎత్తి లైటు వేసి చూస్తే ఫిల్టర్ చుట్టూ చుక్క తడి లేదు, టిష్యూ పెట్టి తుడిచినా పొడిగానే వచ్చింది. లీకు లేదు కాబట్టి ఫిల్టర్ తప్పు కాదు అని తీర్మానించేశా. కానీ చెయ్యి ఊరుకోదుగా, బటన్ నొక్కితే పుస్‌మని మెత్తగా దిగింది! ముప్పై ఐదు నొక్కులు, గట్టిపడింది, స్టార్ట్ అయింది. ఎంత సంతోషమో, మా పాప చప్పట్లు కూడా కొట్టింది. ఎనిమిది కిలోమీటర్లు పోయాక మళ్ళీ అదే కుదుపు.

రెండోసారి ఆగింది ఒక లారీ వెనకాల. డ్రైవర్ దిగి వచ్చాడు, మెడలో మఫ్లర్, యాభై అయిదు పైనే ఉంటాయి. నేను నొక్కడం కాసేపు చూసి "ఎప్పుడు ఇప్పావు బాబూ ఫిల్టరు?" అన్నాడు.

"మొన్ననే మార్చానన్నా. లీకేమీ లేదు, చూడండి, చుక్క కారట్లేదు."

"కారదు. గాలి పీలుస్తంది. ఇంజిను అటు నుంచి లాగతంది కదా, లాగే చోట సందుంటే డీజిలు బయటికెందుకొస్తది, గాలి లోపలికి పోద్ది గానీ."

ఈ ఒక్క మాట నేను చూసిన వీడియోల్లో ఎక్కడా లేదు, ఉన్నా నా బుర్రకెక్కలేదు. ట్యాంకులో పంపు ఉండి డీజిల్‌ని తోసే బళ్ళలో ఫిల్టర్ దగ్గర సందు ఉంటే బయటికి చిమ్ముద్ది, కనపడుద్ది. నా బండిలో ఇంజిన్ దగ్గరి పంపే ట్యాంకు దాకా పీల్చుకుంటది, ఫిల్టర్ ఆ పీల్చే దారిలో ఉంది. స్ట్రాకి చిల్లు పడితే కొబ్బరినీళ్ళు కారవు, గాలి వస్తది, అంతే.

ఆయన పదిహేడు పానా తెచ్చి ఇంజెక్టర్ పైపు నట్టు లూజ్ చేసి సెల్ఫ్ కొడదామన్నాడు, పాత లారీల పద్ధతి. వద్దన్నా, కామన్ రైల్ ఇంజిన్లో (డీజిల్‌ని మహా ప్రెషర్‌తో ఒకే గొట్టంలో ఉంచి అన్ని ఇంజెక్టర్లకీ పంపే రకం) ఆ పైపులు ముట్టుకోకూడదు, ఆ ప్రెషర్‌కి డీజిల్ ధార చర్మంలోకి దూరిపోద్ది, ఎవరు చెప్పినా ఆ పని చెయ్యొద్దు. "ఏం ఇంజిన్లో ఏంటో" అని నవ్వి, క్యాబిన్లోంచి ఒంటి సబ్బు ముక్క తెచ్చాడు. దాన్ని నీళ్ళలో కాస్త తడిపి పిండి ముద్దలా చేసి ఫిల్టర్ పైన అంచు చుట్టూ, పైపులు దూరే చోట, కింద ప్లగ్గు చుట్టూ గోరుతో మెత్తుతూ పోయాడు, గోడ పగులుకి సిమెంట్ మెత్తినట్టు. "కోదాడలో ట్యాంకు నింపించుకో, నిండా ఉంటే లాగే శ్రమ తగ్గుద్ది. అరవై దాటించకు. ఇంజిను ఆపమాకు." టీకి డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ సబ్బుతో ఎనిమిది కిలోమీటర్లకోసారి ఆగే బండి నలభైకోసారి ఆగడం మొదలుపెట్టింది. నందిగామ దాటాక ఒకసారి, మంగళగిరి దగ్గర ఒకసారి. నేను దిగి నొక్కడం, మా ఆవిడ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని లెక్కపెట్టడం. మంగళగిరి దగ్గర ఇరవై ఎనిమిది అని లెక్కపెడుతూ మధ్యలో ఆపి "ఏవండీ, షోరూంలో ఇస్తే ఎంతయ్యేది?" అంది. పన్నెండొందలన్నా. "సరే, నొక్కండి" అంది. ఇంకేమీ అనలేదు, అదే భయం. దుగ్గిరాల దాటి ఇంటికి చేరేసరికి తెల్లవారుజామున మూడున్నర, వీధిలో పిల్లలు భోగిమంటకి మొద్దులు పేరుస్తున్నారు.

పొద్దున నాన్న పొలానికి మందు కొట్టే పంపు తాలూకు తెల్ల పైపు ముక్క కోసిచ్చాడు, లోపలున్నది కనపడే రకం. ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి పోయే లైన్లో మధ్యలో అది పెట్టి స్టార్ట్ చేస్తే డీజిల్లో సోడా పొంగినట్టు వరసగా బుడగలు. పైన అంచు నొక్కి పట్టుకున్నా తగ్గలేదు, కింద ప్లగ్గుని అరచేత్తో పైకి నొక్కితే తగ్గినై. సెన్సరు ప్లగ్గు ఇప్పా. దాని మెడలో గాలి చొరబడకుండా ఉండే రబ్బరు రింగు పాతది. పాత ఫిల్టర్ నుంచి సెన్సర్ తీసి కొత్తదానికి పెట్టేటప్పుడు రింగుతో సహా అలాగే ఎక్కించేశా, బాగానే ఉందిలే అని. చూస్తే గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు పలకలు తేలి బల్లపరుపుగా ఉంది, గోరు గుచ్చితే దిగట్లేదు.

అప్పటిదాకా నా తిట్లన్నీ ఫిల్టర్ అమ్మిన షాపతనికి, డూప్లికేట్ అంటగట్టాడని దారి పొడుగునా అంటూనే ఉన్నా. డిక్కీలో టూల్ సంచి కింద ఆ ఫిల్టర్ అట్టపెట్టె ఉంది, పారెయ్యడం మర్చిపోయా. దులిపితే చిన్న ప్లాస్టిక్ కవరు పడింది, అందులో కొత్త చిన్న రింగు. పైన పెట్టే పెద్ద రింగు వాడుకుని ఇది చూసుకోలేదు. హైదరాబాద్ నుంచి తెనాలి దాకా మాతోపాటే వచ్చింది అది. డీజిల్ రాసి ఎక్కించి, చేత్తో బిగించా (ఆ ప్లగ్గు ప్లాస్టిక్, పానా పెడితే మరలు పోతాయి), పైపులో బుడగలు ఆగిపోయినై. ఐదు నిమిషాల పని. షాపతనికి క్షమాపణ చెప్పలేదు గానీ మిగతా ఫిల్టర్లు అతని దగ్గరే కొన్నా.

ఇక ఆ నల్ల బటన్ గురించి పైన చెప్పినదానికి ఒక మాట కలపాలి. 2024 వానాకాలంలో మళ్ళీ పొద్దున్నే స్టార్టింగ్ లేటవడం మొదలైంది, ఈసారి రింగులన్నీ కొత్తవే. తెల్ల పైపు పెట్టి చూస్తే బుడగలు వస్తున్నది ప్రైమర్ లోంచే, లోపలి రబ్బరు పొర పగిలి అదే గాలి పీలుస్తోంది. గాలి తీయడానికి పెట్టిన పంపే గాలి పట్టిస్తే ఎవరికి చెప్పుకోవాలి. ఆ రబ్బరు విడిగా దొరకలేదు, ఫిల్టర్ పైన తల మొత్తం మార్చాల్సొచ్చింది, అది నేను ఇంట్లో మార్చుకుని మిగుల్చుకున్న డబ్బుల్లో సగం పైనే తినేసింది. పదకొండేళ్ళ రబ్బరు, నేను అవసరం ఉన్నా లేకపోయినా సరదాకి నొక్కే అలవాటు, ఎవర్నీ అనడానికి లేదు. బటన్ మీద ఇష్టం పోలేదు గానీ ఇప్పుడు లెక్కపెట్టి నొక్కుతున్నా, గట్టిపడగానే ఆపేస్తున్నా.

మీరూ ఇంట్లో మార్చుకోవచ్చా అంటే, నా సంగతి వేరు. వారంటీ ఎప్పుడో అయిపోయిన పాత బండి, ఇంటి ముందు సొంత జాగా, కారిన డీజిల్‌కి ఇసుక చల్లుకున్నా అడిగేవాళ్ళు లేరు, పాత డీజిల్ తీసుకునే షెడ్డు సందు చివర ఉంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఈ పని పెట్టుకుంటే అసోసియేషన్ వాళ్ళతో గొడవే. ఈమధ్య పెట్రోల్ బళ్ళలో చాలావాటికి ఫిల్టర్ ట్యాంకులోనే పంపుతో కలిపి ఉంటది, అది వేరే పని, నేను చెయ్యి పెట్టలేదు, పెట్రోల్‌తో ఫోన్ లైటు వెలుతుర్లో ఆటలు ఆడమని నేనైతే చెప్పను. ప్రైమర్ లేని డీజిల్ బండి అయితే నాకంత ధైర్యం కూడా ఉండేది కాదేమో, నిజం చెప్పాలంటే. 2020 ఏప్రిల్లో బీఎస్6 (బండి పొగ మీద కొత్త నిబంధనలు) వచ్చాక ఇలాంటి చిన్న డీజిల్ కార్లు కొత్తవి దాదాపు రావట్లేదు కాబట్టి ఈ గొడవంతా నాలాంటి పాత బళ్ళ వాళ్ళకే.

మా బండికి 2028తో పదిహేనేళ్ళు నిండుతాయి, అప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయిస్తానో అమ్మేస్తానో తెలియదు, ఈలోపు ఇంకో రెండు ఫిల్టర్లు పడతాయి. ఆరోది ఇప్పటికే కొని అల్మరాలో పెట్టా. డబ్బా షాపులోనే ఇప్పించి కవర్లో రెండు రింగులున్నాయో లేదో చూసి డబ్బులిచ్చా, షాపతను ఎందుకన్నట్టు చూశాడు, కథ మొత్తం చెప్పే ఓపిక లేక ఊరుకున్నా. ఈసారి పగటిపూటే మారుస్తా, ఆదివారం, ఏ ఊరికీ పోని వారం.