ఫ్రేజల్ వెర్బ్స్: లిస్టు బట్టీ పట్టడం మేలా, వాక్యాలు రాసుకోవడం మేలా?

నల్లగొండలో సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. పరీక్షలు దగ్గర పడ్డాయంటే దేవరకొండ వైపు నుంచి వచ్చే పిల్లలు అడిగేది ఒకటే: "సార్, ఫ్రేజల్ వెర్బ్స్ లిస్టు ఇస్తారా?" ఫ్రేజల్ వెర్బ్ అంటే క్రియ పక్కన ఆఫ్, అవుట్ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థం ఇచ్చేది.

లిస్టు దండగ అనను. ఖాళీలు పూరించే ప్రశ్నలకు పనికొస్తుంది. కానీ పుట్ ఆన్, పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్ అని వరుసగా చదివితే నాలుగూ కలగాపులగం అవుతాయి. మంట ఆర్పడం పుట్ అవుట్, పని వాయిదా వేయడం పుట్ ఆఫ్. హాల్లో టెన్షన్‌కు ఇవే తారుమారవుతాయి. పైగా 'టర్న్ ఇట్ ఆఫ్' అనాలి, 'టర్న్ ఆఫ్ ఇట్' అనకూడదు. 'లుక్ ఆఫ్టర్ ఇట్'లో మాత్రం ఇట్ చివరనే ఉండాలి. ఇది వాక్యంలో పెట్టి చూస్తేనే ఒంటబడుతుంది.

అందుకే నాది వాక్యాల పక్షం. మన తెలుగునే చూడండి. పట్టుకో వేరు, పట్టించుకో వేరు. చూడు వేరు, చూసుకో వేరు. వీటిని మనం ఏ లిస్టులోనూ చదవలేదు. "నేను పొలం పోతున్నా, తాతను చూసుకో" అని అమ్మ చెప్తే తెలిసిపోయింది. లుక్ ఆఫ్టర్ అంటే అదే. 'ఐ లుక్ ఆఫ్టర్ మై గ్రాండ్‌ఫాదర్' అని మీ ఇంటి మాటే రాసుకోండి. రోజుకు రెండు చాలు.

అలవాటైన తప్పులను ఈ నోటుబుక్కులోనే సరిచేసుకోవచ్చు. 'కోప్ అప్ విత్' అని నేనూ చాలా ఏళ్లు రాశాను. తట్టుకోవడానికి కోప్ విత్ అంటే సరిపోతుంది, అప్ అక్కర్లేదు. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019' అంటే మన దగ్గర చదువు పూర్తయిందని అర్థం. లండన్‌లో అంటే స్పృహ తప్పి పడిపోయావా అనుకుంటారు. గ్రాడ్యుయేటెడ్ అనండి.

ఇడియమ్స్‌లో, అంటే జాతీయాల్లో అయితే ఒక్క మాట కూడా మార్చొద్దు. కుండపోత వాన అంటాం గానీ బిందెపోత అనం కదా! 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' గైడ్లలో తప్పకుండా ఉంటుంది గానీ ఇంగ్లిష్ వాళ్ల మాటల్లో ఇప్పుడు అరుదు. 'ఇట్స్ పోరింగ్' అంటే హాయి.

దరఖాస్తు రాసేటప్పుడు పుట్ ఆఫ్ కన్నా పోస్ట్‌పోన్ మేలు. తేదీ ముందుకు జరపడాన్ని ప్రీపోన్ అంటే మన దేశంలో నడుస్తుంది, బయటివాళ్లతో బ్రింగ్ ఫార్వర్డ్ అనాలి.

పరీక్ష పది రోజుల్లోనే ఉంటే లిస్టే చదవండి. కాకపోతే రోజూ తడబడే నాలుగైదింటి పక్కన మీ సొంత వాక్యం ఒక్కోటి రాసిపెట్టుకోండి.