తిరునాళ్లకు బుర్రకథా, ఆర్కెస్ట్రానా?

నెల్లూరు జిల్లా పల్లెల్లో తిరునాళ్ల దగ్గరపడితే కమిటీ ముందుకొచ్చే ప్రశ్న ఇదే: రాత్రికి ఎవరిని పిలుద్దాం?

ఆర్కెస్ట్రా పెడితే కుర్రాళ్లు అక్కణ్ణుంచి కదలరు. కీబోర్డు, ప్యాడ్స్, సినిమా పాటలు. ఖర్చు ఎక్కువే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సొంత జిల్లాలో సినిమా పాటను తక్కువ చేయడం నాకు చేతకాదు. కానీ ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథకులన్నది కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

బుర్రకథకు ముగ్గురు చాలు. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలనే లోహపు ఉంగరాలు. అటూ ఇటూ గుమ్మెటలనే డోళ్లతో వంతలు, అంటే వంత పాడేవాళ్లు. కథకుడు అడుగు ముందుకేసి చరణం ఎత్తుకుంటే వాళ్లు ‘తందాన తాన’ అని అందుకుంటారు. ఒక వంతది హాస్యం, రెండో వంతది రాజకీయం. పల్నాటి యుద్ధం నడుస్తుండగానే రొయ్యల ధర పడిపోయిన సంగతి, కాలువకు నీళ్లు రాని సంగతి కథలోకి దూరిపోతాయి. జనం ఒక్కసారిగా ఈలలేస్తారు. ఏ ఊళ్లో పాడినా ఒకేలా ఉండే పాటల వరసలో ఇది దొరకదు.

నా ఓటు బుర్రకథకే. రెండూ కావాలంటే మాత్రం కథను ముందు పెట్టండి. డీజే బాక్సుల మోత విన్న చెవులకు గుమ్మెట దెబ్బ ఆనదు. ముగ్గురికీ తలో మైకు ఇవ్వండి, వంతల మాట మరుగున పడిపోకుండా. పారితోషికం ఆ రాత్రే చేతిలో పెట్టండి.