జివ్వుమనే పళ్ళకు ఏ పేస్టు మేలు: నరాన్ని జోకొట్టేదా, దారి పూడ్చేదా?

మందుల షాపుకెళ్ళి "పళ్ళు జివ్వుమంటున్నాయి, పేస్టు ఇవ్వండి" అంటే కౌంటరు మీద నాలుగైదు డబ్బాలు పరుస్తారు. అన్నిటి మీదా సెన్సిటివ్ అనే రాసి ఉంటుంది. ధర చూసో, టీవీలో విన్న పేరు గుర్తొచ్చో ఒకటి పట్టుకొస్తాం. నిజానికి ఆ డబ్బాల్లో రెండు వేరు జాతుల మందులున్నాయి. ఒకటి పంటి నరాన్ని జోకొడుతుంది, రెండోది నరం దాకా వెళ్ళే దారిని పూడుస్తుంది. మీకేది పనికొస్తుందో తెలియాలంటే ముందు ఆ జివ్వు ఎక్కడ పుడుతోందో చూడాలి.

పంటి పైన గట్టిగా, తెల్లగా ఉండే ఎనామెల్‌కు నొప్పి తెలియదు. దాని కింద ఉన్న డెంటిన్‌తోనే చిక్కు. అందులో వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి గొట్టాలు, చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్కటి ద్రవంతో నిండి, లోపల నరం ఉన్న గుజ్జు దాకా పోతుంది. చిగురు తొలగితే పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామెల్ ఉండదు, ఉన్న పల్చటి పొర తొందరగా అరిగిపోతుంది. అప్పుడు గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. చల్లటి నీళ్ళు తగలగానే వాటిలోని ద్రవం కదిలి నరాన్ని లాగుతుంది. 1960లలో స్వీడన్ శాస్త్రవేత్త బ్రాన్‌స్ట్రోమ్ ప్రయోగాలతో బలపరిచిన ఈ వివరణనే దంతవైద్యులు ఇప్పటికీ పాటిస్తున్నారు. ఐస్‌క్రీమ్‌కే కాదు, మిఠాయికీ, చింతకాయ పులుపుకీ, నోటితో పీల్చిన చలిగాలికీ అదే పన్ను జివ్వుమనడానికి కారణం ఇదే.

మొదటి జాతి మందు పొటాషియం నైట్రేట్. పేస్టులో 5 శాతం ఉంటుంది. గొట్టాలు తెరిచే ఉంటాయి, ద్రవమూ కదులుతూనే ఉంటుంది. కాకపోతే పొటాషియం ఆ గొట్టాల్లోంచి దిగి నరం చుట్టూ పేరుకుని, నరం కబురు పంపలేకుండా చేస్తుంది. ఇది ఒక్కరోజులో జరిగే పని కాదు. రోజుకు రెండుసార్లు వాడితే రెండు వారాలకు తేడా మొదలవుతుంది, పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి "ఇదీ పనిచేయలేదు" అని పక్కన పడేసిన ట్యూబులు ఇళ్ళల్లో చాలా ఉంటాయి, పాపం ఆ పేస్టుకు అవకాశమే దక్కలేదు. వాడకం మానేస్తే పొటాషియం కరిగిపోయి జివ్వు మళ్ళీ తిరిగొస్తుంది.

రెండో జాతిలో మూడు నాలుగు మందులున్నాయి. 8 శాతం ఆర్జినిన్‌ను కాల్షియం కార్బొనేట్‌తో కలిపిన పేస్టు గొట్టాల మూతులకు సున్నపు పదార్థాన్ని అంటిస్తుంది. కోల్గేట్ సెన్సిటివ్ ప్రో-రిలీఫ్ ఈ కోవలోదే. కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్, అంటే నోవామిన్, లాలాజలం తగలగానే కాల్షియం, ఫాస్ఫేట్ వదిలి పంటి ఖనిజాన్ని పోలిన పొర కడుతుంది. స్టానస్ ఫ్లోరైడ్ తగరం లవణాలతో మూతులు మూసి, పిప్పినీ చిగుళ్ళ వాపునూ కూడా కాస్త అదుపులో పెడుతుంది. దీంతో కొందరి పళ్ళకు గోధుమరంగు మరక పడుతుంది. అది పైమరకే, డాక్టరు క్లీనింగ్ చేస్తే పోతుంది. నోట్లో లోహపు రుచి నచ్చనివాళ్ళూ ఉన్నారు.

పేరు చూసి కొనేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. సెన్సోడైన్ రిపేర్ అండ్ ప్రొటెక్ట్ పేరుతో మన దేశంలో వచ్చింది నోవామిన్ పేస్టు. అమెరికాలో అదే పేరుతో అమ్మేది స్టానస్ ఫ్లోరైడ్ పేస్టు. డల్లాస్ నుంచి వచ్చే అన్నయ్యతోనో, ఇక్కణ్ణుంచి వెళ్ళే అత్తయ్యతోనో ట్యూబులు తెప్పించుకునేవాళ్ళు డబ్బా వెనక సన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివి పోల్చుకోవాలి. 1961లో సెన్సోడైన్ మొదలైనప్పుడు అందులో ఉన్నది స్ట్రాన్షియం క్లోరైడ్. ఆ పేరు అలాగే ఉంది, లోపలి మందు మాత్రం ఎన్నోసార్లు మారింది.

ఇక ఎవరికి ఏది?

ఒకటి రెండు పళ్ళే, అదీ చిగురు దగ్గర వేలు పెట్టి చూపించగలిగినంత కచ్చితంగా జివ్వుమంటుంటే పూడ్చే పేస్టే మేలు. ఆర్జినిన్ పేస్టుతో ఇంకో సౌకర్యం ఉంది. పన్నును గుడ్డతో తుడిచి, కందిగింజంత పేస్టు వేలి కొసన తీసుకుని ఆ చోట ఒక నిమిషం రుద్దితే చాలామందికి అప్పటికప్పుడే ఉపశమనం తెలుస్తుంది. పెళ్ళి భోజనానికి గంట ముందు చేయదగ్గ పని ఇది. అయితే ఆ మూత ఎప్పటికీ నిలిచేది కాదు, పులుపూ గట్టి బ్రష్షూ దాన్ని గీకేస్తాయి. కాబట్టి రోజూ రెండుపూటలా అదే పేస్టుతో తోముకోవాలి.

నోరంతా జివ్వుమంటుంటే, ముఖ్యంగా పళ్ళు తెల్లబడాలని బ్లీచింగ్ చేయించుకున్న తర్వాత అయితే, పొటాషియం నైట్రేట్ వైపే మొగ్గాలి. బ్లీచింగ్ మందు పంటి లోపలి గుజ్జు దాకా చేరి నరాన్ని చికాకు పెడుతుంది, మూతులు పూడ్చినంత మాత్రాన అది సర్దుకోదు. బ్లీచింగ్‌కు రెండు వారాల ముందే ఈ పేస్టు మొదలుపెడితే ఇంకా మంచిది.

చిగుళ్ళ నుంచి రక్తం కూడా కారుతుంటే స్టానస్ ఫ్లోరైడ్ ఒకే దెబ్బకు రెండు పిట్టలు. నోవామిన్ వాడేవాళ్ళు ఒక జాగ్రత్త పాటించాలి. ఆ పేస్టును నీళ్ళు లేకుండా తయారు చేస్తారు, నీళ్ళు తగిలితే మందు అక్కడే పని మొదలుపెడుతుంది. తడి బ్రష్షు ట్యూబు మూతికి ఆనించకూడదు, మూత తీసి సింకు పక్కన పడేయకూడదు. నురుగు తక్కువ వస్తే పేస్టు పాతదేమో అని అనుమానపడక్కర్లేదు.

రెండూ కలిపి, ఉదయం ఒకటి రాత్రి ఒకటి వాడొచ్చా అంటే, వాడొచ్చు. ప్రమాదమేమీ లేదు. కానీ ఏది పనిచేసిందో మీకు తెలియదు. ఒకటి ఎంచుకుని నాలుగు వారాలు చూడటమే నయం. బ్రష్షు మీద రెండున్నర సెంటీమీటర్ల పొడవున వేస్తే పూటకు గ్రాము పైచిలుకు అవుతుంది. అంటే 70 గ్రాముల ట్యూబు ఒకరికి సుమారు నెల వస్తుంది. ఒక ట్యూబు ఒక పరీక్ష అనుకోండి. ఇంటిల్లిపాదీ అదే ట్యూబు వాడితే పరీక్షా తేలదు, డబ్బూ మిగలదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మాత్రం డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

మంచి పేస్టు కొన్నా ఫలించకపోవడానికి సగం కారణం తోముకునే పద్ధతి. తోముకున్నాక చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తే మందంతా సింకులోకి పోతుంది. నురుగు ఉమ్మేసి వదిలేయాలి, తప్పదనుకుంటే ఒక్క గుక్క చాలు. నిమ్మసోడా తాగిన వెంటనే, మామిడికాయ ముక్క తిన్న వెంటనే తోమకూడదు. పులుపుకు మెత్తబడిన పొర బ్రష్షుకు ఊడొస్తుంది. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగాలి.

బ్రష్షు సాఫ్ట్ అని రాసిందే తీసుకోవాలి. చిగురు గీత దగ్గర 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్నగా కదుపుతూ తోమాలి. రంపం కోసినట్టు అడ్డంగా లాగితే కోరపళ్ళకూ వాటి వెనక పళ్ళకూ చిగురు పక్కన గాడి పడుతుంది. కుడిచేతివాటం వాళ్ళకు ఆ గాడి ఎడమవైపు పళ్ళకే ఎక్కువ, ఎందుకంటే ఒత్తిడంతా అటే పడుతుంది. ఉప్పు, బొగ్గుపొడి, గరుకైన ఎర్ర పళ్ళపొడి వేలితో బాగా రుద్దే అలవాటుంటే ఏ సెన్సిటివ్ పేస్టూ నిలవదు. పొద్దున కట్టిన గోడను సాయంత్రం కూల్చినట్టే. లవంగనూనె కాసేపు తిమ్మిరెక్కిస్తుంది గానీ మూతులు మూయదు, పదేపదే పూస్తే చిగురు మండుతుంది.

ఈ రెండు జాతులూ పనికిరాని నొప్పులు కొన్ని ఉన్నాయి. చల్లటిది తగిలి జివ్వుమని, అది తీసేసిన రెండు మూడు సెకన్లలో తగ్గిపోయేదే పేస్టుకు లొంగే రకం. అర నిమిషం దాటినా సలుపుతూనే ఉంటే, వేడికి ఎక్కువైతే, రాత్రి నిద్ర లేపితే లోపలి గుజ్జు వాచిందని అర్థం. నమిలి వదిలినప్పుడు చురుక్కుమంటే పన్ను పగిలి ఉండొచ్చు. నల్లటి గుంట కనిపిస్తే అది పిప్పి. వీటికి నాలుగు వారాలు పేస్టు వాడుతూ కూర్చుంటే చిన్న ఫిల్లింగ్‌తో పోయేది రూట్ కెనాల్ దాకా వెళ్తుంది.

గాడి గోరు దిగేంత లోతుగా ఉన్నప్పుడు పేస్టుల మధ్య పోలికే అనవసరం. దంతవైద్యుడు ఫ్లోరైడ్ వార్నిష్ పూయడమో, పంటి రంగు పదార్థంతో గాడి నింపడమో చేస్తారు. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటుంటే ముందు దానికి నైట్‌గార్డు, అంటే పడుకునేటప్పుడు పళ్ళకు పెట్టుకునే తొడుగు, పెట్టించుకోవాలి, లేకపోతే నింపింది ఊడిపోతుంది. పులితేన్పులు తరచూ వచ్చేవాళ్ళు కడుపు సంగతి కూడా వైద్యుడికి చెప్పాలి, ఆ పులుపు రాత్రంతా పళ్ళ లోపలివైపును తింటూ ఉంటుంది.